బండి అద్దముపై వానబొట్టు



బలసముద్రమున నివసించు మనకు గాజు క్రొత్త వస్తువు కాదు. మన యూరితోపాటు తిరుమణి, వల్లూరు, క్యాతగానచెర్లు, రాయచెర్లు గ్రామముల పొలములలో ఇంచుమించు 13,000 ఎకరముల మేర సౌరవిద్యుత్ పలకలు పరచుకొని యున్నవి. 2018 మార్చి 1వ తేదీన ప్రారంభమైన ఆ 'శక్తిస్థల' క్రమముగా పెరిగి 2,050 మెగావాట్ల సామర్థ్యమును పొందినది. అందలి ప్రతి పలకకును ముఖము గాజే. కావున గాజుపై దుమ్ము పడినను, నీరు పడినను అది మన తాలూకాకు ఇంటి సంగతి. అయినను ఈ పాఠమున ముందుగా చెప్పదలచినది అంత విస్తారమైన గాజును గూర్చి కాదు. బస్సు డ్రైవరు కన్నుల యెదుట నుండు ఒక్క గాజును గూర్చి. సౌరపలకల మాటకు చివర మరల వత్తును.

కొన్ని సంవత్సరముల క్రిందట చిత్త కార్తెలో ఒకనాటి రాత్రి నేను హిందూపురము నుండి పావగడకు బస్సులో వచ్చుచుంటిని. త్రోవలో పెద్ద వాన పట్టుకొన్నది. కొంతదూరము పోవునప్పటికి అద్దమును తుడుచు వైపరు ఆగిపోయెను. ముందున్న గాజంతయు బొట్లు బొట్లుగా చీలి, ఎదుటి లారీ దీపములు నూరు ముక్కలై కనబడసాగినవి. మార్గమున ఎద్దులబండి యున్నదో, మనిషి యున్నాడో తెలియదు. డ్రైవరు బస్సును ప్రక్కకు నిలిపి, క్లీనరు జేబులోని పొగాకు పొట్లమును అడిగి తీసికొని, దానిని తడిపి, అద్దమునకు వెలుపలివైపున బాగుగా రుద్దెను. ఆశ్చర్యము! బొట్లు మాయమై, నీరు పలుచని తెరవలె అద్దముపై సాగి జారిపోవసాగెను. త్రోవ మసకగానైనను కనబడెను. "ఇది మా పెద్దోళ్ళు నేర్పిన మందు అయ్యవారూ, పొగాకు లేకుంటే ఉర్లగడ్డ ముక్కయినా సరే" అని ఆయన నవ్వుచు బండిని మెల్లగా నడిపించెను.

ఆ మరుసటి నెలలో మా బంధువుల కారులో ప్రయాణము చేయునప్పుడు దీనికి పూర్తిగా వ్యతిరేకమైన దానిని చూచితిని. వారు దుకాణమున కొన్న ఒక ద్రవమును అద్దమునకు పూసియుండిరి. వానబొట్లు ముత్యములవలె గుండ్రనై, కారు వేగముగా పోవుచున్నప్పుడు గాలికి పైకి పరుగెత్తిపోవుచుండెను. వైపరుతో పనియే లేనట్లు తోచినది.

పొగాకు నీటిని పరచును. దుకాణపు ద్రవము నీటిని ముడుచుకొనునట్లు చేయును. ఒకదానికొకటి విరుద్ధములైన ఈ రెండును చూపునకు సాయపడుట యెట్లు? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసికొన్నవానికి ఏ మందును ఎప్పుడు వాడవలెనో, ఎప్పుడు వాడరాదో తనంతట తానే తెలియును.

ముందొక చిన్న మాట. కన్నడములో గాజునకు 'గాజు' అనియే పేరు. ముఖము చూచుకొను దానిని 'కన్నడి' అందురు. తెలుగువారము రెంటిని కూడ అద్దమనియే పిలుతుము. గాజుతో చేసినవి గనుక చేతికి తొడుగుకొనువానికి 'గాజులు' అని పేరు పెట్టుకొంటిమి. కన్నడిగులు వానిని 'బళె' అందురు. మీరు రెండు భాషల నడుమ పెరుగుచున్నవారు. విజ్ఞానశాస్త్ర పాఠములలో 'అద్దము' అను మాట వచ్చినప్పుడు అది గాజో, కన్నడియో చూచుకొనవలెను. ఇక్కడ నేను అద్దమన్నచోటనెల్ల గాజనియే గ్రహింపుడు.

ఇక గాజును గూర్చి. గాజునకు ప్రధాన పదార్థము ఇసుక, అనగా సిలికాన్ డయాక్సైడు. దాని ఉపరితలమున సిలికాన్ పరమాణువులను అంటిపెట్టుకొని హైడ్రాక్సిల్ సమూహములు, అనగా ఆక్సిజన్-హైడ్రోజన్ జంటలు, నిండుగా నుండును. నీటి అణువునందును ఆక్సిజన్, హైడ్రోజన్లే కలవు గదా. కావున నీటికిని గాజునకును నడుమ ఆకర్షణ యెక్కువ. వేరు వేరు పదార్థముల అణువుల నడుమ నుండు ఈ ఆకర్షణను అసంజనమందురు. నీటి అణువులు తమలో తాము ఆకర్షించుకొనుట సంసంజనము. నీటిబొట్టు గుండ్రముగా నుండుటకు కారణమైన తలతన్యత దాని ఫలమే. గాజుపై బొట్టు పడగానే ఈ రెండు బలములకును పోటీ కలుగును. అసంజనము గెలిచిన బొట్టు పరచుకొనును. సంసంజనము గెలిచిన బొట్టు ముడుచుకొనును.

ఈ పోటీలో ఎవరెంత గెలిచిరో చెప్పు కొలతయే స్పర్శకోణము. బొట్టు అంచు, గాజును తాకు చోట చేయు కోణమును నీటి లోపలినుండి కొలువవలెను. ఆంగ్లశాస్త్రవేత్త థామస్ యంగ్ 1805లో దీనిని వివరించెను. మిక్కిలి శుభ్రమైన గాజుపై ఈ కోణము 10 డిగ్రీలకు లోపే యుండును, అనగా నీరు చాపవలె పరచుకొనును. నీటిని త్రోసివేయు పూత పూసిన గాజుపై 100, 110 డిగ్రీల వరకు పెరుగును. తామరాకుపై 150 డిగ్రీలను మించును.

మిక్కిలి శుభ్రమైన గాజు అంటినే, అందుననే చిక్కున్నది. రోడ్డుపై తిరుగు బండి అద్దము ఎన్నడును శుభ్రముగా నుండదు. ముందు పోవు లారీల పొగలోని నూనె, వైపరు రబ్బరు మురికి, మన చేతుల జిడ్డు దానిపై అచ్చటచ్చట అంటియుండును. జిడ్డున్న చోట నీరు ముడుచుకొనును, లేని చోట పరచుకొనును. ఒకే అద్దముపై రెండు రాజ్యములన్నమాట! ఆ రాత్రి మా బస్సు అద్దము పట్టిన గతి అదియే.

అట్లయిన నీరు చూపునెట్లు చెరచును? నీరు పారదర్శకమే గదా? ఒక చిన్న పరీక్ష చేయుడు. గాజు గ్లాసు గోడపై ఒక నీటిబొట్టు నుంచి, దానిగుండ కిటికీని చూడుడు. కిటికీ చిన్నదై, తలక్రిందులై కనబడును. ప్రతి బొట్టును ఒక చిన్న కటకమే. అద్దముపై వేయి బొట్లుండిన, వేయి కటకములు ఎదుటి దీపపు కాంతిని వేయి త్రోవల వంచి కంటిలో పోయును. అదే నీరు సమానమైన పలుచని పొరగా నున్నచో దాని రెండు ముఖములును ఇంచుమించు సమాంతరములగుటచే కాంతి పెద్దగా వంగదు. అనగా చూపునకు శత్రువు నీరు కాదు, ఎగుడు దిగుడుగా నిలిచిన నీరు.

ఇక పొగాకు రహస్యము తేలిపోయినది. తడిపొగాకుతోనో ఉర్లగడ్డ ముక్కతోనో రుద్దినప్పుడు జిడ్డు కొంత చెదరిపోవును. వాని రసము పలుచగా అంటి నీటిని పిలిచి పరచుకొననిచ్చును. రెండు రాజ్యములు ఒకటియగును. ఈ రసమును వాన కడిగివేయుట కెంతో సేపు పట్టదు గనుక ఇది ఊరు చేర్చు ఉపాయమే గాని మరమ్మతు కాదు. ఆ డ్రైవరును నేను మెచ్చుకొందును. కాని వైపరు చెడిన బస్సును మాత్రము మెచ్చుకొనను. కేంద్ర మోటారు వాహనముల నియమములు, 1989 ప్రకారము బండికి పనిచేయు వైపరు తప్పక యుండవలెను.

రెండవ త్రోవ నీటిని త్రోసివేయుట. దీని కథ ఆసక్తికరమైనది. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనశాలలో విన్‌టన్ పాట్‌నోడ్ అను రసాయనశాస్త్రజ్ఞుడు మిథైల్ క్లోరోసిలేనులు అను పదార్థములతో పనిచేయుచుండెను. వాని ఆవిరి తగిలిన వస్తువులపై నీరు నిలువకుండుటను గుర్తించెను. దానిపై ఆయనకు 1942లో పేటెంటు లభించినది. ఈ ఆవిరి గాజును తాకినప్పుడు క్లోరిన్ పరమాణువులు విడిపోయి, సిలికాన్ పరమాణువు గాజుపైనున్న ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకొనును. మిథైల్ సమూహములు మాత్రము పైకి నిలిచియుండును. వానికి నీటితో స్నేహము లేదు. చాపక్రింద తల దాచుకొని తోక మాత్రమే బయట పెట్టిన జంతువువలె ఆ అణువు ఒక కొనతో గాజును పట్టి, మరియొక కొనతో నీటిని నిరాకరించును. అయితే విడిపోయిన క్లోరిన్ హైడ్రోక్లోరిక్ ఆమ్లపు పొగగా మారును. ఇనుమును తినివేయు ఆ పొగతో ఇంటివాకిట కారునకు పూత పూయుట యెట్లు?

అందువలన తరువాతివారు వేరు మార్గములను వెదకిరి. 1970 దశకమున అమెరికాలో రెయిన్-ఎక్స్ అను పేరిట ఒక ద్రవము అంగళ్ళకు వచ్చినది. ఇటువంటి ద్రవములలో సాధారణముగా సిలికోన్ అను దీర్ఘమైన అణువులు ఆల్కహాలునందు కరగియుండును. కొద్దిపాటి ఆమ్లము ఆ సిలికోన్ గాజును పట్టుకొనుటకు తోడ్పడును. ఆల్కహాలు ఎగిరిపోగా మిగులు పొర మన తలవెండ్రుక మందములో పదివేలవ వంతునకు అటునిటుగా నుండును. కన్నునకు కనబడదు. కొన్ని పూతలలో సిలికోనునకు బదులు ఫ్లోరిన్ గల అణువులుండును. అవి నీటిని మరింత గట్టిగా త్రోసివేయును, మరింత కాలము నిలుచును. కాని అట్టి ఫ్లోరిన్ సమ్మేళనములలో పెక్కు నేలలోను నీటిలోను ఎంతకును నశింపవు. మన చెరువులు ఎండియే యుండుట యెక్కువ. నిండినప్పుడైనను వానిలో ఇట్టివి చేరకుండుట మేలని నా అభిప్రాయము.

ఇచ్చట విద్యార్థులు తరచుగా పొరబడు విషయమొకటి కలదు. బొట్టు గుండ్రముగా నుండుట వేరు, జారిపోవుట వేరు. తామరాకుపై బొట్టు గుండ్రముగాను నుండును, ఆకును కొద్దిగా వంచినంతనే దొర్లియు పోవును. గులాబీ రేకుపై బొట్టును చూడుడు. అదియు చక్కగా గుండ్రముగా నుండును గాని రేకును తలక్రిందులు చేసినను వ్రేలాడుచునే యుండును! రెండింటిపైనను సన్నని గరుకుతనమే కలదు. కాని తామరాకు గరుకులో గాలి చిక్కుకొని బొట్టును పైకెత్తి పట్టును. గులాబీ రేకు గరుకులోనికి నీరు కొంత దిగి అంటుకొనును. తామరాకు సంగతిని జర్మను వృక్షశాస్త్రజ్ఞుడు విల్‌హెల్మ్ బార్త్‌లాట్ తన సహచరుడు నైన్‌హూస్‌తో కలిసి 1997లో వివరముగా ప్రకటించెను. ఆకుపైని మైనపు గరుకే దానిని నిర్మలముగా నుంచుచున్నదనియు, దొర్లు బొట్లు దుమ్మును మోసికొనిపోవుచున్నవనియు వారు చూపిరి. తామరాకు మీద నీటిబొట్టు అని మన పెద్దలు ఎన్నడో సామెత చేసికొన్న సంగతికి కారణము ఆ విధముగా దొరకినది. తామరలు దొరకనివారు పెరటిలోని చేమాకుపై నీరు చల్లి చూడవచ్చును.

మరి బండి అద్దమును తామరాకువలె గరుకు చేయరాదా? చేయవచ్చును. కాని గరుకు కాంతిని చెదరగొట్టును. పైగా వైపరు రెండు నాళ్ళలో దానిని అరగదీయును. అందుచేత అద్దపు పూత నున్నగానే యుండవలెను. నున్నని తలముపై ఎంత మంచి పూతయైనను స్పర్శకోణము 120 డిగ్రీలను దాటదు. కనుక కారు అద్దము ఎన్నటికిని తామరాకు కాదు. దానిపై బొట్టు తనంతట తాను దొర్లిపోదు. గాలి త్రోయవలెను.

గాలి యన్నచోట వేగము వచ్చినది. బండి గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవునప్పుడు అద్దమునకు ఎదురగు గాలి వేగము సెకనుకు ఇంచుమించు 17 మీటర్లు. ఆ వేగమునకు అటునిటుగా పూత పూసిన అద్దముపై పెద్ద బొట్లు పరుగెత్తుట మొదలిడును. చిన్న బొట్లను గాలి అంత తేలికగా కదల్పలేదు. ఊరిలో నెమ్మదిగా పోవునప్పుడును, సన్నని తుంపర పడునప్పుడును బొట్లు ముత్యములవలె నిలిచియే యుండును. ఒక్కొక్క ముత్యమును ఒక్కొక్క కటకమని మీకు తెలిసినదే! కావున పూత యున్నదని వైపరును మరచినవాడు, ఎదుటి దీపముల వెలుగులో పూత లేనివానికంటెను తక్కువ చూడవచ్చును. గంటకు 30 కిలోమీటర్ల వేగముతో పోవుచున్న బస్సునకు నా దృష్టిలో పొగాకు సిద్ధాంతమే సరియైనది. అద్దమును జిడ్డు లేకుండ సబ్బునీటితో కడిగి, మంచి వైపరు నుంచిన, అదియే దానికి ఉత్తమమైన చికిత్స.

పూత వాడదలచిన తలిదండ్రులకు కొన్ని మాటలు. కారునకైనను, జీపునకైనను ముందు అద్దమును సబ్బునీటితో కడిగి, జిడ్డంతయు పోవువరకు తుడిచి, పూర్తిగా ఆరనీయవలెను. ఈ పనిలో సగము ఫలము ఇచ్చటనే యున్నది. జిడ్డుమీద పూసిన పూత జిడ్డుతోనే ఊడిపోవును. బండిని నీడన నిలిపి, అద్దము చల్లబడిన తరువాత, గుడ్డపై కొద్దిగా ద్రవము పోసికొని వలయములుగా రుద్దవలెను. ఎండలో పూసిన ఆల్కహాలు ముందే ఎగిరిపోయి మరకలు మిగులును. మసక యేర్పడిన తరువాత తడిగుడ్డతో తుడిచివేయవలెను. మసక మిగిలినచో రాత్రివేళ దీపముల చుట్టును వలయములు కనబడును. ఆ ద్రవము మంటనంటుకొనును. పొయ్యి దగ్గరను, బీడీ కాల్చువారి దగ్గరను తెరువరాదు. మూసిన గదిలో వాడరాదు. పిల్లల చేతికీయరాదు.

పూసిన తరువాత కొందరు వైపరు కీచుమని అరచుచు ఎగిరెగిరి పడుచున్నదని ఫిర్యాదు చేయుదురు. దానికి కారణము తెలిసినచో కోపము రాదు. వైపరు రబ్బరు పలుచని నీటిపొరపై జారుటకు అలవాటు పడినది. నీటిని త్రోసివేసిన అద్దముపై ఆ పొర లేదు. పొడి గాజుపై రబ్బరు పట్టి విడిచి, పట్టి విడిచి నడచును. రబ్బరును శుభ్రము చేసి, అరిగినదానిని మార్చిన కొంత తగ్గును.

పూత కాలమును గూర్చి సీసాలపై పెద్ద మాటలు వ్రాయుదురు. దుమ్ము, ఎండ, వైపరు రాపిడి కలిసి సాధారణపు పూతను కొన్ని వారములలోనో, కొన్ని నెలలలోనో అరగదీయును. మన తాలూకాలో సంవత్సరపు సగటు వర్షపాతము 600 మిల్లీమీటర్లను అందదు. అందును పెద్ద భాగము ఉత్తర, హస్త, చిత్త కార్తెలలోనే పడును. వేసవిలో పూసినవాని పూతను వాన రాకముందే మన దుమ్ము తినివేయును. ఉత్తర కార్తె ప్రవేశించుటకు ముందు పూసినవానికి డబ్బు దక్కును. పొడిదుమ్మున్న అద్దమును నీరు లేకుండ తుడుచుటగాని, దానిపై వైపరును త్రిప్పుటగాని చేయరాదు. ఇసుకరేణువులు గాజును గీయును. ఆ గీతలను ఏ పూతయు మాన్పలేదు.

కారులకంటె మోటారుసైకిళ్ళు మన గ్రామములలో ఎక్కువ గదా, హెల్మెట్టు అద్దమునకు పూయవచ్చునా అని అడుగువారు కలరు. హెల్మెట్టు అద్దము గాజు కాదు. పాలీకార్బొనేట్ అను ప్లాస్టిక్కు. దానిపై హైడ్రాక్సిల్ సమూహముల నిండుదనము లేదు గనుక గాజునకై చేసిన పూత సరిగా పట్టదు. పైగా ద్రవములోని కొన్ని ద్రావణులు ప్లాస్టిక్కును మసకబార్చి, సన్నని పగుళ్ళు పుట్టించును. ప్లాస్టిక్కునకు తగినదని సీసాపై స్పష్టముగా వ్రాసియుండిన తప్ప వాడరాదు.

మొదట చెప్పిన మాట ప్రకారము ఇప్పుడు సౌరపలకల కడకు వత్తము. పలకపై దుమ్ము పేరుకొన్నచో లోనికి పోవు వెలుగు తగ్గును, విద్యుత్తు తగ్గును. కడుగవలెనన్న నీరు కావలెను. మన సీమలో నీటి విలువ మీకు నేను చెప్పనక్కరలేదు. అట్లయిన ఈ పలకలకును నీటిని త్రోసివేయు పూత పూసిన తామరాకువలె తమను తామే కడుగుకొనవా?

శాస్త్రవేత్తలు ఇందును రెండు త్రోవలను పరీక్షించుచున్నారు. నీటిని త్రోసివేయునది ఒకటి. నీటిని పరచునది రెండవది. ఈ రెండవదానికి పేరుపడినది టైటానియం డయాక్సైడు పూత. సూర్యరశ్మి తగిలినప్పుడు అది జిడ్డును విచ్ఛిన్నము చేయును, నీటిని పలుచగా పరచును. 2001లో పిల్కింగ్‌టన్ సంస్థ అట్టి కిటికీ గాజును బజారునకు తెచ్చినది. మన డ్రైవరు పొగాకు సిద్ధాంతమునకు అది దూరపు చుట్టమని నాకు తోచును. కాని రెండు త్రోవలకును వాన కావలెను. తామరాకైనను వాన లేనిదే కడుగుకొనలేదు. వాన కురియని నెలలలో రాత్రి మంచు కొద్దిగా పడి, దుమ్మును తడిపి, తెల్లవారి ఎండకు బురదపొరగా గట్టిపరచును. అట్టి చోట పూత ఒక్కటియే చాలదు. నీరు లేకుండ మెత్తని కుంచెలతో దుమ్మును త్రోయు యంత్రములును కావలసివచ్చును. ఇంతేకాక పలకల గాజుపై సాధారణముగా కాంతి వెనుకకు మరలకుండుటకై వేరొక పలుచని పూత ముందే యుండును. కారుకై కొన్న సీసాను ఇంటిపైనున్న సౌరపలకపై ఒలికించి దానిని పాడుచేసికొనరాదు.

రాబోవు హస్త కార్తెలో మొదటి మంచి వాన వెలసిన మరునాడు మీ వీధిలోని సౌరదీపము పలకను నేలపైనుండియే చూడుడు. పైభాగము తేటగా నుండును. దిగువ చట్రము అంచున మాత్రము ఎఱ్ఱని మట్టిచార యొకటి కనబడును. పైనుండి దుమ్మును మోసికొని దిగిన నీరు చట్రమునకు తగిలి ఆగి, ఎండి, తన మోతను అచ్చటనే దించినది. ఆ చార వెడల్పును దినదినము వ్రాసియుంచి, మరల వాన వచ్చువరకు అది పెరిగినదో తగ్గినదో తరగతిలో నాకు చూపుడు.